రైలెక్కిన కుక్క బస్సెక్కలేదు: ఒక పల్లెటూరి ఓరియెంటీరింగ్ పోటీ ఏర్పాట్లపై సమీక్ష

మే నెలలో ఒక ఆదివారం ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌లో, షెఫీల్డ్‌కు పడమరన ఉన్న కొండల మీద జరిగిన ఓరియెంటీరింగ్ పోటీకి నేను, నా భార్య, పదేళ్ళ మా అమ్మాయి, మా కాకర్ స్పానియల్ చింటూ వెళ్ళి వచ్చాం. పటం బాగుందని, కంట్రోళ్ళు, అంటే దారిలో వెతుక్కోవాల్సిన గుర్తులు, చక్కగా పెట్టారని పరుగెత్తినవాళ్ళందరూ అన్నారు. ఆ విషయంలో నాకూ వేరే మాట లేదు. నేను రాస్తున్నది పోటీదారును ఊరి నుంచి కొండ దాకా చేర్చి మళ్ళీ ఇంటిదారి పట్టించే ఏర్పాట్ల గురించి, వెంట కుక్క ఉన్నవాళ్ళకు అక్కడ జరిగే మర్యాద గురించి మాత్రమే. నిర్వహించిన క్లబ్బు పేరు రాయడం లేదు. అక్కడ పనిచేసినవాళ్ళందరూ పైసా తీసుకోకుండా ఆదివారం పూట వచ్చినవాళ్ళు, పైగా నేను చెప్పబోయే లోపం ఇద్దరు మనుషులు పావుగంట మాట్లాడుకుంటే తీరిపోయేది.

ఈ ఆట తెలియనివారికి రెండు ముక్కలు. చేతికి ఒక పటం ఇస్తారు, దిక్సూచి మనదే. అడవిలోనో కొండమీదో తెలుపు, నారింజ రంగుల గుడ్డ జెండాలు పెట్టి ఉంటాయి; వాటిని వరుస తప్పకుండా వెతుక్కుంటూ పోయి, వేలికి తగిలించుకున్న డిబ్బర్ అనే చిన్న ఎలక్ట్రానిక్ పుల్లను అక్కడి పెట్టెలో గుచ్చి, ఎవరు తక్కువ సమయంలో ముగిస్తే వారు గెలిచినట్టు. కోర్సుల కష్టాన్ని రంగుల పేర్లతో చెబుతారు. మా అమ్మాయిది యెల్లో, నా భార్యది గ్రీన్, నాది బ్లూ. అందరూ ఒకేసారి బయలుదేరరు, ఒక్కొక్కరికీ ఒక్కో సమయం ఉంటుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి, మా ఇబ్బందిలో సగం దానితోనే వచ్చింది.

ఇలాంటి పోటీలు ఊరికి దూరంగా, బస్సు స్టాపు కూడా లేని చోట జరుగుతాయి కాబట్టి వచ్చేవాళ్ళలో నూటికి తొంభైమంది కార్లలోనే వస్తారని నా అనుభవం. మాకు కారు లేదు. ఈసారి రైతు ఇచ్చిన పొలంలో చోటు తక్కువగా ఉందని, వీలైనవాళ్ళు రైలులో రావాలని, స్టేషన్ నుంచి మినీబస్సు నడుపుతామని క్లబ్బువారు ముందే ప్రకటించారు. పార్కింగ్‌కు కారుకు నాలుగు పౌండ్లు, ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి వస్తే రెండే పౌండ్లు. మినీబస్సుకు మనిషికి రానుపోను మూడు పౌండ్లు. ధరల్లోనే మంచి ఆలోచన కనిపించింది కనుక సంతోషంగా రైలుకు సిద్ధమయ్యాం. బ్రిటన్ రైళ్ళలో ప్రయాణికుడు రెండు కుక్కల దాకా టికెట్టు లేకుండా తీసుకుపోవచ్చు. షెఫీల్డ్ దాటాక వచ్చే టోట్లీ సొరంగం ఐదున్నర కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఆ చీకట్లో చింటూ నా బూట్ల మధ్య ముడుచుకుని కూర్చుని, వెలుగులోకి రాగానే ఏమీ జరగనట్టు లేచి ఒళ్ళు దులుపుకుంది. అంతవరకూ ప్రయాణం సుఖంగానే సాగింది.

స్టేషన్ బయట మినీబస్సు సమయానికే వచ్చి నిలబడి ఉంది. డ్రైవరు మర్యాదగానే చెప్పాడు: బస్సు అద్దెకిచ్చిన సంస్థ నియమం ప్రకారం అంధులకూ వికలాంగులకూ తోడుగా ఉండే శిక్షణ పొందిన కుక్కలను తప్ప మరే కుక్కనూ ఎక్కించుకోకూడదట. కోడిపుంజును చంకలో పెట్టుకుని పల్లెవెలుగు బస్సెక్కేవాళ్ళను చూస్తూ పెరిగిన నాకు ఈ నియమం మింగుడుపడటానికి ఒక నిమిషం పట్టింది. అయినా డ్రైవరు తప్పేమీ లేదు, ఆ సంస్థ తప్పు కూడా లేదు, తన బస్సు తన ఇష్టం. తప్పల్లా పోటీదారులకు పంపిన సమాచార పత్రంలో ఉంది. అందులో రవాణా గురించి ఒక పేజీ, కుక్కల గురించి ఒక పేజీ ఉన్నాయి. రవాణా పేజీలో కుక్క అన్న మాట లేదు, కుక్కల పేజీలో బస్సు అన్న మాట లేదు. రెండు పేజీలనూ ఇద్దరు వేర్వేరు మనుషులు రాశారని, ఒకరు రాసింది ఇంకొకరు చదవలేదని తేలిగ్గా తెలిసిపోతుంది.

"మీరు నడిచి రండి, మేమిద్దరం బస్సులో వెళ్తాం, నాకు పదీ యాభైకి స్టార్ట్ ఉంది" అని నా భార్య తేల్చేసింది. అంతకన్నా దారి లేదు. తారురోడ్డున పోతే నడవడానికి అంచు లేదు, ఎదురుబొదురు కార్లు తప్పుకోలేనంత ఇరుకు. అందుచేత ఆర్డినెన్స్ సర్వే 1:25,000 పటంలో ఆకుపచ్చ చుక్కగీతలతో చూపించిన కాలిబాటలు పట్టుకుని ఆరు కిలోమీటర్లు నడిచాను. దారిలో రాతిగోడలు దాటడానికి స్టైల్ అనే మెట్లు ఐదు వచ్చాయి. వాటిలో మూడింటికి పక్కన కుక్క దూరే సందు ఉంది. మిగిలిన రెండింటి దగ్గర పద్నాలుగు కిలోల చింటూను చంకనెత్తుకుని ఎక్కి దిగాను; రెండోసారి దాని బురద పాదాలు నా రేస్ నంబరు మీదే ముద్ర వేశాయి. ఒక పొలంలో దూడలతో ఆవులున్నాయి. ఆవులు మీదికొస్తే లీష్ వదిలేసి కుక్కను దాని దారిన పోనివ్వమని, పట్టుకుని నిలబడవద్దని ఇక్కడి కంట్రీసైడ్ కోడ్ చెబుతుంది. ఆ మాట మననం చేసుకుంటూ గోడవారగా నడిచాను, అదృష్టవశాత్తూ అవి తల కూడా ఎత్తలేదు. పొలం ముందు రోడ్డుకు అడ్డంగా గుంత మీద ఇనుప కమ్మీలు పరిచిన పశువుల అడ్డు ఉంది. చింటూ ఒక పాదం దానిమీద పెట్టబోయి, కమ్మీల సందుల్లోంచి కింది చీకటిని చూసి ఆగిపోయింది. అక్కడ నిలబడిన కార్యకర్త పరుగున వచ్చి పక్కనున్న చిన్న గేటు తెరిచాడు. కుక్కల కాళ్ళు ఆ సందుల్లో ఇరుక్కుంటాయని, అందుకే పొద్దుటి నుంచి తాను అక్కడే ఉన్నానని చెప్పాడు.

ఇక్కడి నుంచి నా అభిప్రాయం పూర్తిగా మారిపోయింది, ఎందుకంటే పార్కింగ్ పొలంలో కుక్కల కోసం చేసినన్ని ఏర్పాట్లు నేను ఇంకే పోటీలోనూ చూడలేదు. కుక్కలతో వచ్చిన కార్లన్నింటినీ గోడవారన సికమోర్ చెట్ల నీడలో ఒక వరుసలో పెట్టించారు. ఆ వరుస రెండు చివర్లా నీళ్ళ బకెట్లు, గిన్నెలు, పెంట సంచుల కట్టలు ఉన్నాయి. కారులో కుక్క ఉంటే అద్దానికి ఎర్ర చీటీ అంటించి, దానిమీద యజమాని రేస్ నంబరు, స్టార్ట్ సమయం రాయించారు. ఒక పెద్దావిడ అరగంటకోసారి ఆ వరుస వెంట నడిచి ప్రతి కారులోకీ తొంగిచూసింది. ఆ రోజు ఎండ పెద్దగా లేదు గానీ, బయట 22 డిగ్రీలున్నా మూసిన కారులో గంటలోపే 47 డిగ్రీలకు చేరగలదని జంతు సంక్షేమ సంస్థ ఆర్ఎస్‌పీసీఏ హెచ్చరిస్తుంది కనుక ఆవిడ తిరగడం ఉత్తుత్తి ముచ్చట కాదు. కారు లేని నాకు మాత్రం ఆ నీడ వరుస వల్ల ఒరిగింది నీళ్ళ గిన్నె ఒక్కటే.

కుక్కల నియమాలు కూడా స్పష్టంగా, కారణాలతో సహా రాశారు. పోటీ ప్రాంతంలోకి కుక్కలు అసలు రాకూడదు, పొలంలోనూ గుడారాల దగ్గరా రెండు మీటర్లు దాటని లీష్ మీద ఉండాలి. ఈ రెండు మీటర్ల లెక్క క్లబ్బు కల్పించింది కాదు. 2000 సంవత్సరపు చట్టం ప్రకారం ప్రజలు తిరగగలిగే బీడుభూముల్లో మార్చి 1 నుంచి జులై 31 దాకా కుక్కలకు అంతకన్నా పొడవైన లీష్ వాడకూడదు, పశువుల దగ్గరైతే ఏడాది పొడవునా వాడకూడదు. ఆ నెలల్లో కర్ల్యూ, ల్యాప్‌వింగ్ వంటి పక్షులు హీదర్ పొదల్లో, గడ్డిలో, నేలమీదే గుడ్లు పెడతాయి. కుక్క వాసన పట్టి ముక్కు పెడితే తల్లిపక్షి లేచిపోతుంది, గుడ్లు చల్లబడతాయి. పెంట ఎత్తమనడం వెనుక కూడా శుభ్రతకు మించిన సంగతి ఉంది. కొన్ని కుక్కల పెంటలో ఉండే నియోస్పోరా అనే పరాన్నజీవి మేతతోపాటు ఆవు కడుపులోకి పోతే చూడి పోతుంది. ఒక్క ఆవుకు అలా జరిగినా రైతు వచ్చే ఏడాది పొలం ఇవ్వడు, పొలం లేకపోతే పోటీ లేదు. ఇంత చక్కగా వివరిస్తే ఎవరు మాత్రం గొణుగుతారు? నేను చూసినంతలో సంచి లేకుండా తిరిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇంత ఆలోచించినవాళ్ళు స్ప్లిట్ స్టార్ట్ దగ్గర లెక్క తప్పారు. పిల్లలున్న దంపతులు వంతులవారీగా పరుగెత్తేలా ఇద్దరి బయలుదేరే సమయాలను దూరంగా వేయడం ఈ ఆటలో పాత అలవాటు. ఈ క్లబ్బు ఆ సౌకర్యాన్ని కుక్కలున్నవాళ్ళకు కూడా ఇచ్చింది, అది మెచ్చుకోదగినదే. అయితే మా ఇద్దరి మధ్య ఇచ్చిన వ్యవధి నలభై ఐదు నిమిషాలు. నా భార్య కొండమీద గ్రీన్ కోర్సు ముగించడానికి గంటన్నర పడుతుంది. అదిగాక స్టార్ట్ పార్కింగ్‌కు కిలోమీటరున్నర పైన, ఫినిష్ ఒక కిలోమీటరు అవతల. ఆవిడ తిరిగి వచ్చేసరికి పన్నెండున్నర అయింది, నా స్టార్ట్ పదకొండూ ముప్పై ఐదుకే దాటిపోయింది. విచారణ బల్ల దగ్గరి యువకుడు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, ఆలస్యమైనవాళ్ళు స్టార్ట్ పెట్టెలో డిబ్బర్ గుచ్చిన క్షణం నుంచి లెక్కించే వరుసలోకి మార్చాడు కాబట్టి పరుగు దక్కింది. నలభై ఐదు నిమిషాలన్నది చదునైన పార్కులో జరిగే చిన్న పోటీకి సరిపోతుంది. కొండమీద రెండు గంటలైనా ఉండాలి.

పన్నెండూ యాభై ఐదుకు బయలుదేరి రెండూ ఇరవైకి ముగించాను. సమయాల సంగతి ఎత్తాను కనుక ఇంకొకటి: కోర్సులు మూసే సమయం మూడు గంటలు, స్టేషన్‌కు చివరి బస్సు రెండున్నరకు. పరుగు మధ్యలో మానేసినా సరే, డిబ్బర్‌లోని సమయాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే డౌన్‌లోడ్ గుడారంలో హాజరు చెప్పి తీరాలి, చెప్పకపోతే కొండమీద వెతుకులాట మొదలవుతుంది. అలాంటప్పుడు ఆఖరి పోటీదారు తిరిగి రాకముందే బస్సు పోవడం ఏ లెక్కన కుదిరిందో నాకు అర్థం కాలేదు. ఇది కుక్కతో నిమిత్తం లేని లోపం. నాతోపాటు ఇద్దరు విద్యార్థులు కూడా ఖాళీ గేటు ముందు నిలబడి ఉన్నారు. నా భార్య, అమ్మాయి నాకోసం ఆగిపోయి తమ బస్సునూ వదులుకున్నారు.

మమ్మల్ని ఇంటికి చేర్చింది నీడ వరుసలో తిరిగిన ఆ పెద్దావిడే. ఆవిడ ఎస్టేట్ కారు వెనక భాగంలో జాలీ బిగించి ఉంది, అందులో వయసు మళ్ళిన లాబ్రడార్ పడుకుని ఉంది. బండిలో కుక్కను కట్టుబాటులో ఉంచాలని ఇక్కడి హైవే కోడ్ 57వ నియమం చెబుతుంది. ఆ జాలీ వల్ల ఆ చింత కూడా తీరింది. చింటూను లోపలికి పంపితే లాబ్రడార్ ఒక కన్ను తెరిచి, కొంచెం జరిగి, మళ్ళీ మూసుకుంది. మాటల్లో తెలిసిందేమిటంటే, ఆవిడ ఇల్లు మా ఇంటికి ఐదు నిమిషాల నడకలో ఉంది, పొద్దున మూడు సీట్లు ఖాళీగా పెట్టుకుని వచ్చింది, కారులో చోటు పంచుకునే జాబితాలో పేరు కూడా నమోదు చేసింది. నేనూ అదే జాబితాలో చోటు అడిగాను. ఫారంలో మనుషులు ఎంతమంది, ఎక్కడి నుంచి, ఏ వేళకు అన్న గడులున్నాయి తప్ప కుక్క ఉందా అన్న గడి లేదు. అది లేదు కాబట్టి చింటూ సంగతి వేరే వరసలో రాశాను, దాన్ని ఎవరూ చదివినట్టు లేదు. కుక్క వాసనకు అలవాటుపడిన కారు ఉన్నట్టు నాకు తెలియలేదు, కుక్కతో ఎదురుచూసే కుటుంబం ఉన్నట్టు ఆవిడకు తెలియలేదు.

కారులో వచ్చేవాళ్ళకు, ముఖ్యంగా కుక్కతో కారులో వచ్చేవాళ్ళకు, ఈ క్లబ్బు పోటీలకు నిస్సందేహంగా వెళ్ళమని చెబుతాను. ఐదుకు ఐదు ఇస్తాను. కుక్క లేకుండా రైలులో వచ్చి పొద్దున్నే పరుగెత్తేవాళ్ళకు మూడు. కుక్కతో రైలులో వచ్చేవాళ్ళకు ప్రస్తుతానికి ఒకటే, అది కూడా పశువుల అడ్డు దగ్గర గేటు తెరిచిన మనిషి కోసం. ఇవన్నీ క్లబ్బుకు మర్యాదగా రాసి పంపితే రెండు రోజుల్లో జవాబు వచ్చింది: బస్సు సంస్థ నియమం మార్చలేమని, చివరి బస్సును మూడున్నరకు జరుపుతామని, ఫారంలో కుక్కకు ఒక గడి పెడతామని. స్ప్లిట్ స్టార్ట్ వ్యవధి గురించి అందులో ఏమీ లేదు, దానికోసం మళ్ళీ రాశాను.