థండర్‌బర్డ్‌లో తెలుగు ఉత్తరాలు: అక్షర సంకేతాల నిర్వహణపై సమీక్ష

తెలుగులో ఉత్తరాలు రాసేవారికి థండర్‌బర్డ్ వంటి ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ సత్తా విషయపు వరుసలోనే (సబ్జెక్ట్ లైన్) తెలిసిపోతుంది. అక్షరాలను కంప్యూటర్‌లో బైట్లుగా భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు కావాలి. 'తెలుగు' అన్న మాటకే 18 బైట్లు పడతాయి. ఈమెయిల్‌లో ఇంగ్లీషేతర అక్షరాలను పంపే తీరును నిర్ణయించే మైమ్ ప్రమాణం ప్రకారం విషయపు వరుసలో సంకేతీకరించిన ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదు కనుక, బైట్లను మామూలు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలుగా మార్చి రాసే బేస్64 పద్ధతిలో ఒక ముక్కలో మన అక్షరాలూ గుణింతపు గుర్తులూ కలిపి 15కు మించి ఇమడవు. ఆ కోత గుర్తు మధ్యలో పడితే, అవతలివారికి ప్రశ్నార్థకాల పెట్టెలు కనిపించే ప్రమాదం ఉంది. థండర్‌బర్డ్ ఇక్కడ శ్రద్ధగా, గుర్తుల సరిహద్దు దగ్గరే కత్తిరిస్తుంది. నా దృష్టిలో దీని అసలు బలం ఇదే.

వచ్చిన ఉత్తరంలో అక్షర సంకేత పద్ధతి (ఎన్‌కోడింగ్) పేరు తప్పుగా ఉండి, తెలుగంతా గీతలూ చుక్కలూ ఉన్న లాటిన్ అక్షరాలుగా కనిపిస్తే, వ్యూ మెనూలోని రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్ నొక్కి చూడవచ్చు. పాత వెర్షన్లలో సంకేతాల జాబితా నుంచి మనమే ఎంచుకునే వీలుండేది. ఆ స్వేచ్ఛ పోవడం నాకు నచ్చలేదు.

అయితే అను ఫాంట్లతో టైపు చేసి పంపిన పాత ఉత్తరాలను ఈ ఆదేశం బాగుచేయలేదు. అందులో ఉన్నవి నిజంగానే లాటిన్ సంకేతాలు, తెలుగు రూపం ఫాంటులో మాత్రమే ఉంటుంది. వాటిని యూనికోడ్‌లోకి (ప్రతి భాష అక్షరానికీ వేరే సంకేతం ఇచ్చే ప్రమాణంలోకి) మార్చే పనిముట్టు విడిగా వాడవలసిందే.