సఫోక్ ఉన్ని ఊళ్లలో అమ్మతో నాలుగు రోజులు

మా అమ్మ చీరాలలో ముప్పై ఏళ్లు మగ్గం మీద పని చేసింది. మొన్న మే నెలలో ఆమె ఇంగ్లండ్ వచ్చినప్పుడు లండన్ రాజభవనాల కంటే బట్ట నేసి బతికిన ఊళ్లు చూపించాలనిపించింది. తూర్పు ఇంగ్లండ్‌లోని సఫోక్ కౌంటీ అందుకు తగిన చోటు.

కేంబ్రిడ్జి నుంచి రైల్లో ముప్పావు గంటలో బరీ సెయింట్ ఎడ్మండ్స్ చేరాం. మొదటి రెండు రాత్రులు ఊరి నడిబొడ్డున ఒక చిన్న అతిథి గృహంలో ఉన్నాం. గది ఇరుకే. కానీ శుభ్రంగా ఉంది, వేడినీళ్లకు లోటు లేదు. శాకాహారులమని చెబితే పొద్దున్నే పుట్టగొడుగులు, టమాటాలు వేయించి పెట్టారు. చూడవలసినవన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి.

ఇక్కడ బుధ, శనివారాల్లో సంత జరుగుతుంది. ప్రయాణాన్ని ఆ రోజుల్లో ఒకదానికి కుదిరేలా పెట్టుకోండి. కూరగాయలు, రొట్టెలు, పూలమొక్కలు, గుడ్డ ముక్కలు అన్నీ వీధి మధ్యలోనే అమ్ముతారు. ఒకప్పుడు ఈ సంత మీద పెత్తనం మఠానిది. క్రీ.శ. 869లో డెన్మార్క్ నుంచి దండెత్తి వచ్చిన డేన్‌ల చేతిలో చనిపోయిన ఎడ్మండ్ రాజు సమాధి చుట్టూ పెరిగిన మఠం అది. సుంకాలు, తీర్పులు అన్నీ సన్యాసుల చేతిలోనే ఉండేవి. విసిగిపోయిన ఊరివాళ్లు 1327లో తిరగబడి మఠాన్ని దోచుకున్నారు. ఆ తర్వాత కట్టిన పెద్ద ద్వారం ఇప్పటికీ ఉంది. ముందు నుంచి చూస్తే చక్కని శిల్పపు పని, దగ్గరికి వెళితే బాణాలు వేయడానికి విడిచిన సన్నని కంతలు కనిపిస్తాయి.

1539లో మఠాన్ని మూసేశాక చెక్కిన రాళ్లను జనం పట్టుకుపోయారు. మిగిలిన చెకుముకిరాతి మొండి గోడల్లోనే తర్వాతివాళ్లు ఇళ్లు కట్టుకున్నారు. పాత చర్చి ముఖద్వారపు తోరణాల మధ్య కిటికీలు, తలుపులు ఉంటాయి. తోటలోకి ప్రవేశం ఉచితం. రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా పత్రానికి ముందు ఏడాది, 1214లో, ప్రభువులు ఇక్కడే కలిసి ప్రమాణం చేశారని చెబుతారు. దానికి గుర్తుగా శిథిల స్తంభం మీద ఒక ఫలకం ఉంది.

మూడో రోజు బస్సులో లావెన్‌హామ్ వెళ్లాం. అరగంట పైన పట్టింది. ఆదివారం మాత్రం బస్సులను నమ్ముకుని బయలుదేరకండి.

ఇవాళ పల్లెటూరిలా కనిపించే లావెన్‌హామ్ 1520ల్లో పన్ను లెక్కల ప్రకారం ఇంగ్లండ్‌లోని సంపన్న పట్టణాల్లో ఒకటి. నీలిరంగు ఉన్ని బట్ట దాన్ని అంత పైకి తెచ్చింది. వోడ్ అనే మొక్క ఆకులతో ఆ అద్దకం చేసేవారు. సావుకారు ఉన్ని కొని వడికేవాళ్లకు, నేసేవాళ్లకు ఇళ్లకే పంపి, కూలి ఇచ్చి బట్ట తీసుకునేవాడు. ఈ పద్ధతి చెప్పగానే అమ్మ, "అయితే మన మాస్టర్ వీవర్లే కదా!" అంది. అలాంటి సావుకార్లలో థామస్ స్ప్రింగ్ పేరు మోసినవాడు. 1523లో చనిపోయాడు. చర్చి గోపురం, నలభై మూడు మీటర్ల ఎత్తున, ఆ కుటుంబం డబ్బుతోనూ ఆక్స్‌ఫర్డ్ ప్రభువు డబ్బుతోనూ లేచింది. ప్రభువు వంశానికి గుర్తయిన నక్షత్రాలు, స్ప్రింగ్ వంశపు ముద్రలు రాతిలో వెతికి పట్టుకోవచ్చు. మేము అరగంట అదే పనిలో ఉన్నాం.

1525లో ఫ్రాన్సుతో యుద్ధానికని ఎనిమిదో హెన్రీ కొత్త పన్ను అడిగినప్పుడు సావుకార్లు పనివాళ్లను మాన్పించారు. నేతగాళ్లు వేల సంఖ్యలో ఈ ఊళ్లో గుమిగూడారు. రాజు పన్ను వదులుకోవలసి వచ్చింది. నా దృష్టిలో గోపురం కంటే గొప్ప విషయం ఇది.

తర్వాత దగ్గరలోని కోల్చెస్టర్ పట్టణంలో స్థిరపడిన డచ్ నేతగాళ్లు పలచని, చవకైన బట్ట తెచ్చారు. ఇక్కడి మందపు నీలి బట్టకు గిరాకీ పోయింది. ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టుకునే స్తోమత ఎవరికీ లేకపోయింది. అందుకే ఈనాటికీ వీధి వీధంతా ఓక్ దూలాల ఇళ్లు, ఒకదాని భుజం మీద ఒకటి వాలి నిలబడి ఉన్నాయి. సంత మైదానం మూలన 1530 ప్రాంతంలో కట్టిన గిల్డ్‌హాల్, అంటే ఊరి సంఘం వాళ్లు కలుసుకునే భవనం, ఉంది. అది తర్వాతి కాలంలో జైలుగా, పేదలను పనిలో పెట్టే ఇల్లుగా కూడా నడిచింది. లోపలికి టికెట్ ఉంది, తప్పక కొనండి. నేత పని గురించి వివరంగా చెబుతారు.

ఆ రాత్రి అక్కడే ఒక పాత సత్రంలో దిగాం. అద్దె బరీకి దాదాపు రెట్టింపు. గది నేల ఒక పక్కకు వాలి ఉంటే అమ్మ మంచం దగ్గర చెంబు పెట్టడానికి కూడా జంకింది. శాకాహార భోజనం ఉంటుందని ముందే మాట తీసుకున్నా, ఎనిమిది దాటగానే వంటగది మూసేశామన్నారు. బిస్కట్లతో పడుకున్నాం. పెద్దవాళ్లతో వెళ్తే బరీలోనే ఉండి, లావెన్‌హామ్ పగటిపూట చూసి రావడం మేలు. ఒక్క విషయంలో మాత్రం ఆ ఖర్చు గిట్టుబాటైంది: తెల్లవారుజామున ఒక్క కారు కూడా లేని సంత మైదానం.

అక్కడి నుంచి లాంగ్ మెల్ఫర్డ్ అనే ఊరికి టాక్సీలో వెళ్లాం. చర్చిలోని మధ్యయుగపు రంగుటద్దాల కోసం గంట చాలు.

చివరి మజిలీ సడ్‌బరీ. చిత్రకారుడు గెయిన్స్‌బరో 1727లో పుట్టిన ఊరు. 1773లో చట్టం లండన్ పట్టు నేతగాళ్ల కూలిని కట్టుదిట్టం చేశాక, తక్కువ కూలి వెతుక్కుంటూ సావుకార్లు పనిని ఇటు తరలించారు. ఇప్పటికీ ఇక్కడ పట్టు నేస్తున్నారు. పాత నేత ఇళ్లు ఇరుకుగా, మూడంతస్తులుగా ఉంటాయి. నేను ఫోనులో దారి చూసుకుంటుండగా అమ్మ ఒక ఇంటి ముందు ఆగిపోయింది. మిగతా కిటికీలన్నీ మామూలువే, పై అంతస్తులో ఒకటి మాత్రం గోడంత వెడల్పు.

"మగ్గం అక్కడ వేసుంటారు," అంది వేలు చూపించి. "పోగు తెగితే కనపడాలి కదా."