పాత బిల్లింగ్ మెషీనా, రాస్‌ప్‌బెర్రీ పైనా, సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాపా: పాత గేములకు ఏది మేలు?

మా బావమరిది బెంగళూరు మారతహళ్లిలో నడిపిన ఆంధ్రా మెస్ పోయినేడు మూసేశాడు. గిన్నెలు, గ్రైండరు, బల్లలు అన్నీ ఏదో ఒక బేరానికి వెళ్లిపోయాయి గానీ కౌంటర్ మీది బిల్లింగ్ మెషీన్ని, అంటే టచ్ స్క్రీన్ ఉన్న బిల్లులు కొట్టే కంప్యూటర్‌ని, మాత్రం ఎవరూ తీసుకోలేదు. ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఎస్‌పీ రోడ్డుకు మోసుకెళ్తే అక్కడి షాపతను అటూ ఇటూ తిప్పి చూసి చెప్పిన రేటు మా ఆటో చార్జీకి కూడా చాలదు. "నువ్వే ఉంచుకో బావా, పిల్లలకు గేములేవో వేసిపెట్టు" అని మా ఇంట్లో దించేసి పోయాడు.

నా దగ్గర అప్పటికే టీవీకి తగిలించిన రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు ఉంది, ఆఫీసులు వదిలించుకున్న చిన్న డెస్క్‌టాప్ ఒకటి ఫ్రెండ్ దగ్గర నుంచి తెచ్చాను. ఆరు నెలలు మూడింటి మీదా ఆడి చూశాక చెప్తున్నా: బిల్లింగ్ మెషీన్ ఊరికే దొరికితే వదలొద్దు, డబ్బు పెట్టి మాత్రం కొనొద్దు. ఎందుకో చెప్తా.

అసలు గొప్పతనమంతా దాని స్క్రీన్‌లో ఉంది. 15 అంగుళాలు, 1024 బై 768, అంటే పాత డబ్బా టీవీ ఆకారమే. 1983లో వచ్చిన నింటెండో వాళ్ల గేమ్ మెషీన్ ఫ్యామికామ్, దాన్ని చూసి చేసిన మన "9999 ఇన్ 1" కాసెట్ల గేములు, అవన్నీ ఆ ఆకారం టీవీల కోసమే తయారయ్యాయి. ఇప్పటి వెడల్పు టీవీలో వాటిని నిండుగా పెడితే మేరియో పొంగిన పూరీలా పక్కలకు ఉబ్బుతాడు, సరైన ఆకారంలో పెడితే రెండు పక్కలా నల్ల గోడలు. ఇంకో లెక్క కూడా ఉంది. ఆ గేముల బొమ్మ ఎత్తు 240 గీతలు. దాన్ని మూడింతలు చేస్తే 720, మన 768 గీతల స్క్రీన్‌లో చక్కగా కూర్చుని పైనా కిందా 24 చొప్పున మిగులుతాయి. అదే 1080 గీతల టీవీలో నిండుగా పెట్టాలంటే నాలుగున్నర ఇంతలు, ఆ అర దగ్గరే తేడా కొడుతుంది: కొన్ని చుక్కలు లావుగా, కొన్ని సన్నగా వచ్చి స్క్రీన్ కదిలినప్పుడల్లా బొమ్మ మినుకుమినుకుమంటుంది. మామూలుగా ఆడేవాళ్లకు ఇది పట్టదేమో, నాకు ఒకసారి కనిపించాక ఇక కళ్లు దాన్నే వెతుకుతున్నాయి.

టీవీల్లో ఇంకో గొడవ, బొమ్మకు మెరుగులు దిద్దుతూ అవి చేసే ఆలస్యం. గేమ్ మోడ్ పెట్టకపోతే నువ్వు బటన్ నొక్కాక కాంట్రా గేములో మనవాడు తీరిగ్గా ఎగురుతాడు, ఈలోపు బుల్లెట్ తగిలేస్తుంది.

ఇక లోపలి సరుకు. మాది సెలెరాన్ జే1900, ఇంటెల్ 2013లో తెచ్చిన చిప్. నాలుగు కోర్లు, 10 వాట్లు, ఫ్యాన్ లేదు కాబట్టి చప్పుడు లేదు. హార్డ్ డిస్క్‌ను ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్‌లో బటోసెరా, అంటే పాత గేములు ఆడించే ఉచిత లినక్స్ సిస్టమ్, వేసి దాంతోనే బూట్ చేశాను. ఫ్యామికామ్, సెగా, సూపర్ నింటెండో, పాత డాస్ గేములు, మొదటి ప్లేస్టేషన్ వరకూ ఏ ఇబ్బందీ లేదు. నింటెండో 64లో కొన్ని నత్తినత్తిగా నడుస్తాయి. ప్లేస్టేషన్ 2 ఆశ వదులుకోవాల్సిందే. మొదటి వారం ఉన్నట్టుండి బిగుసుకుపోయేది, ర్యామ్ పోయిందేమో అనుకుని అనవసరంగా ఇంకోటి కొన్నా. తీరా చూస్తే ఆ తరం చిప్‌లకు లినక్స్‌లో నిద్రలోకి జారి లేవలేని జబ్బు ఒకటి ఉంది, చిప్ గాఢనిద్రలోకి పోకుండా బూట్ సెట్టింగుల్లో మ్యాక్స్ సీ-స్టేట్ 1 అని పెడితే కుదురుకుంది. కరెంటు కాస్త ఎక్కువ తింటుంది, అంతే. ఒకవేళ మీకు దొరికింది 2010 నాటి ఆటమ్ డీ525 లాంటిదైతే మాత్రం ఇదంతా పెట్టుకోకండి, దాని గ్రాఫిక్స్ మరీ నీరసం.

బిల్లింగ్ మెషీన్లకు కొన్ని పాత అలవాట్లు పోవు. ఓ రాత్రి రెండింటికి కరెంటు పోయి వచ్చింది, మెషీన్ దానంతటదే లేచి బటోసెరా మెనూ పాట ఎత్తుకుంది, హాల్లో పడుకున్న మా అత్తయ్య దడుచుకుని కేక. షాపుల్లో కరెంటు రాగానే మెషీన్ ఆన్ అయిపోవాలని బయోస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లో, అలా పెట్టి ఉంచుతారు, అది మార్చుకోవాలి. మార్చినా మా దాంట్లో నిలబడలేదు, ఎందుకంటే బోర్డు మీది సెల్ చచ్చిపోయి ఉంది. సీఆర్2032, చిన్న బిళ్ల సెల్, ఏ వాచీల షాపులోనైనా ఇస్తారు.

పక్కనున్న కార్డ్ గీకే గాడి ఇంకా తమాషా. మాది కంప్యూటర్ దృష్టిలో ఒక కీబోర్డే, కార్డ్ గీకితే అందులోని అంకెలు టైప్ చేసినట్టు వెళ్తాయి. మా చిన్నోడు మాల్ పాయింట్ల కార్డ్ ఒకటి పట్టుకుని వాళ్లక్క బాస్ దాకా వెళ్లిన ప్రతిసారీ గీకేవాడు, గేమ్ ఎక్కడికక్కడ ఆగిపోయి మెనూలు తెరుచుకునేవి. లోపల దాని వైరు పీకేశాక ఇల్లు ప్రశాంతం. టచ్ కూడా ఆపేశాను. కుడి పక్క కింది మూలలో బొటనవేలంత తెల్లటి మచ్చ ఉంది స్క్రీన్ మీద, ప్రింట్ బటన్ అక్కడే ఉండేదట, ఏళ్ల తరబడి అక్కడే నొక్కీ నొక్కీ పొర అరిగిపోయింది. మేరియో ఆడుతుంటే నేలంతా ఆ మచ్చ వెనక నుంచే జరిగిపోతుంది.

హార్డ్ డిస్క్ సంగతి మర్చిపోకండి. మా దాంట్లో పార్సిల్ తీసుకెళ్లినవాళ్ల ఫోన్ నంబర్లు, బిల్లులు అన్నీ అలాగే ఉన్నాయి. పూర్తిగా తుడిచేయాలి. అందులో ఉన్న, బిల్లింగ్ మెషీన్ల కోసం చేసిన విండోస్ పీఓఎస్‌రెడీ 7కు 2021 అక్టోబర్‌లోనే సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి ఉంచుకునీ లాభం లేదు.

పై 4 చెడ్డదని కాదు. జేబులో పడుతుంది, సంక్రాంతికి అనంతపురం వెళ్తూ చొక్కాల మధ్య పెట్టుకుపోతాను. కానీ బోర్డు రేటు చూసి చవక అనుకుంటే పొరపాటే, అడాప్టరు, మెమరీ కార్డు, కేసు, మామూలు కేబుల్ పట్టదు కాబట్టి మైక్రో హెచ్‌డీఎంఐ కేబులు, చివరికి బిల్లు ఎక్కడికో పోతుంది. దాని తర్వాత వచ్చిన పై 5కి 5 ఓల్టుల్లో 5 ఆంపియర్లు ఇచ్చే అడాప్టరు కావాలి, ఇంట్లో ఉన్న ఫోన్ చార్జర్ తగిలిస్తే సణుగుతుంది. పైగా మెమరీ కార్డు మీద డేటా రాస్తుండగా కరెంటు పోతే కార్డు పాడవ్వొచ్చు. నాకు రెండుసార్లు అయింది, రెండోసారి పిల్లల సేవ్‌లన్నీ పోయి ఇంట్లో రెండు రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు.

డబ్బు పెట్టే ఉద్దేశం ఉంటే సెకండ్‌హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాపే. ఇంటెల్ ఆరో తరం ఐ5 చిప్ ఉన్న చిన్న సైజు పెట్టెలు ఎస్‌పీ రోడ్డులో కుప్పలుగా ఉంటాయి, బేరమాడొచ్చు. చేత్తో పట్టుకుని ఆడే ప్లేస్టేషన్ పీఎస్‌పీ గేములు బాగా నడుస్తాయి, ప్లేస్టేషన్ 2లో కూడా కొన్ని ఆడుకోవచ్చు, అన్నీ కాదు. పిల్లల ప్రాజెక్టులకూ పనికొస్తుంది, అందుకే మా ఇంట్లో అది గేములకు దొరకడం మానేసింది. మానిటర్ మాత్రం పాత చదరపుది వెతికి కొనండి, లేకపోతే మళ్లీ పూరీ మేరియోనే.

అన్నట్టు గేముల ఫైళ్లు ఎక్కడ పడితే అక్కడ దింపడం కాపీరైట్ తప్పే, ఉచితంగా ఇచ్చేవీ ఇప్పటికీ కొత్తగా చేస్తున్నవీ చాలానే ఉన్నాయి.

మా ఇంట్లో ఇప్పుడు గల్లాపెట్టెలో చిల్లర అరల బదులు జాయ్‌స్టిక్‌లు ఉన్నాయి, తాళంచెవి మా ఆవిడ దగ్గర. కస్టమర్ వైపు తిరిగి ఉండే చిన్న డిస్‌ప్లే, లైనుకు 20 అక్షరాల చొప్పున రెండు లైన్లది, దాన్ని తీసేద్దామనుకున్నా. అది సీరియల్ పోర్టు అనే పాతరకం కనెక్షన్ మీద నడిచేదే, గేమ్ ఆపినప్పుడు బటోసెరా ఒక స్క్రిప్ట్ నడపగలదు కూడా, ఒక ఆదివారం కూర్చుని రెండూ కలిపాను. ఇప్పుడు పిల్లలు ఏ గేములోంచి బయటికొచ్చినా ఆ పచ్చ అక్షరాల్లో మెస్‌లో రోజూ కనిపించిన మాటే వెలుగుతుంది: థాంక్యూ, విజిట్ అగైన్. మా బావమరిది మొదటిసారి చూసి, "బావా, దీనికి జీఎస్టీ ఎంత వేస్తున్నావ్?" అన్నాడు.