ఆకివీడు నుంచి హౌరాకి ఏసీ లారీలో ఆరు ట్రిప్పులు

కొత్త లారీ కొనేవాళ్లు, దాన్ని నడపబోయేవాళ్లు ఇద్దరూ చదవండి. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే నేను చెప్పేది ఒక కంపెనీ బండి గురించి కాదు, ఫ్యాక్టరీ నుంచే ఏసీతో వస్తున్న క్యాబిన్ గురించి. 3.5 టన్నులు దాటిన సరుకు బండి ఏదైనా 2025 అక్టోబర్ 1 నుంచి తయారైతే డ్రైవర్ క్యాబిన్‌కి ఏసీ ఉండి తీరాలని రూల్ పెట్టారు కదా, ఆ లెక్కలో వచ్చిన పది టైర్ల బండి మాది. ఆకివీడులో చేపలు ఎత్తుకుని హౌరాలో దించాలి, ఒక వైపే 1,100 కిలోమీటర్ల పైమాట.

ముందు నా సంగతి. క్లీనర్‌గా ఎక్కి, డ్రైవర్‌నై, ఇదే చేపల లైన్లో ఏళ్లు తిరిగి 2019లో మానేశాను. పాప పుట్టింది, నెలలో నాలుగు రోజులు కూడా ఇంట్లో ఉండట్లేదని గొడవ, సరే అని హైదరాబాద్‌లో గోడౌన్ ఉద్యోగానికి వెళ్లిపోయా. ఫ్యాను కింద కుర్చీ బానే ఉంది కానీ నెలాఖరుకి జేబులో ఏమీ మిగలదు. తిరిగొద్దామంటే లైసెన్స్ గడువు ముగిసి ఏడాది దాటింది, మళ్లీ టెస్టు ఇవ్వాల్సిందే అన్నారు. అన్నేళ్లు బండి తోలినవాణ్ని, రివర్స్ తీయమంటే అరచేతులు తడిసిపోయాయి.

ఇక బండి. పాత లారీకి విజయవాడ ఆటోనగర్‌లో కట్టించిన చెక్క క్యాబిన్ ఉండేది, ఇంజను ఎడమ కాలి పక్కనే. వేసవిలో మధ్యాహ్నం తుని దాటేసరికి మోకాలి కింద కాలిపోతున్నట్టుండేది, గోనెసంచి తడిపి ఇంజను మూత మీద పరిస్తే పది నిమిషాల్లో అప్పడంలా ఎండిపోయేది. ఇప్పుడు అద్దాలు ఎత్తి ఏసీ రెండో నంబర్‌లో పెట్టుకుంటే చాలు. మొదటి ట్రిప్పులో ఇచ్ఛాపురంలో దిగి చూసుకుంటే చొక్కా పొడిగా ఉంది, నాకైతే నవ్వొచ్చింది. ఎండలో తోలడానికి దీనికి వంక పెట్టను. దుమ్ము లేదు, హారన్ల గోల లేదు, సాయంత్రానికి తలనొప్పి రావట్లేదు.

ఆ గోల లేకపోవడమే ఒక్కోసారి ఇబ్బంది. రివర్స్ తీసేటప్పుడు క్లీనర్ బాడీ మీద అరచేత్తో కొడతాడు, రెండు దెబ్బలంటే పోనీ, ఒక గట్టి దెబ్బంటే ఆపు. అద్దం ఎత్తి ఉంటే ఆ దెబ్బ వినపడదు. రెండో ట్రిప్పులో హౌరాలో ఐసు ట్రేల దొంతరకి వెనక బంపరు ఆనించేశాను, నష్టం ఏం లేదు గానీ క్లీనర్ కుర్రాడు తిట్టిన తిట్లు మాత్రం అద్దంలోంచి కూడా వినిపించాయి. అప్పట్నుంచి రివర్స్ అంటే ముందు అద్దం దించుతున్నా.

డీజిల్ సంగతి ఓనర్లందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. మా బండి లోడు మీద లీటరుకి 4 కిలోమీటర్లు ఇస్తుంది, పగలంతా ఏసీ వేస్తే 3.8 వచ్చింది. ట్రిప్పుకి ఒక వైపు పదిహేను లీటర్ల తేడా. మైలేజీ లెక్కన డీజిల్ ఇచ్చి, తగ్గితే డ్రైవర్ బత్తాలో కోసే ఓనరు అయితే మాత్రం ఈ ఏసీ ఉన్నా లేనట్టే, ఎవడూ స్విచ్ ముట్టుకోడు. మా ఓనరు గారు ఆ పదిహేను లీటర్లూ కలిపే ఇస్తున్నారు, మీరు బండి ఎక్కేముందే ఈ మాట తేల్చుకోండి.

అన్నట్టు నేను లేని ఈ ఏళ్లలో బీఎస్-6 అని పొగ తగ్గించే కొత్త రూల్ వచ్చి యూరియా ద్రావణం పోసే ట్యాంకు ఒకటి తగిలించారు, అది అయిపోతే బండి లాగదు. డీజిల్‌తో పాటు దాని ముల్లు కూడా చూసుకోండి.

అసలు కంప్లైంట్ నిద్ర దగ్గర. సీటు వెనక బెర్త్ మెత్తగా, కాళ్లు చాపుకునేంత ఉంది, అంత మంచి బెర్త్ నేను ఎప్పుడూ చూడలేదు. కానీ ఏసీ ఇంజనుతో నడిచేది. బాలాసోర్ దగ్గర అర్ధరాత్రి పక్కకి తీసి ఇంజను ఆపితే పావుగంటలో లోపల ఉక్కపోత మొదలు. అద్దం దించితే దోమలు, ఎత్తితే చెమట. రాత్రంతా ఇంజను ఆన్‌లో పెడితే డీజిల్ ఎవరిస్తారు? తోలేటప్పుడు చల్లగా ఉంది, పడుకునేటప్పుడు లేదు, డ్రైవర్‌కి రెండోదే ఎక్కువ అవసరం అని ఈ రూల్ రాసినవాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేరు. నేను రాజమండ్రిలో 24 ఓల్టుల చిన్న ఫ్యాను కొని బెర్త్ మీద బిగించుకున్నా, దోమల చక్రం ఎలాగూ ఉంది.

5కి 3.5 ఇస్తాను. బ్యాటరీ మీద నడిచే ఏసీ వేయిస్తే నాలుగున్నర.

ఆ మాటే ఓనరు గారిని అడిగా. "ముందు ఆరు నెలలు నిలబడి బండి నడపరా, తర్వాత చూద్దాం" అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను లెండి, 2019లో చెప్పాపెట్టకుండా తాళాలు పెట్రోల్ పంపులో ఇచ్చేసి దిగిపోయిన లారీ కూడా ఆయనదే.