94 దగ్గర ఆగిన ల్యాన్ కేబుల్: నాలుగేళ్ల వాడకం తర్వాత

రెండేళ్ల క్రితం ఎవరైనా అడిగితే, రూటర్ నుంచి కంప్యూటర్‌కి నెట్ తెచ్చే ఈ ల్యాన్ కేబుల్ గురించి ‘వేసి మర్చిపోండి’ అని ఒక్క ముక్కలో చెప్పేదాన్ని. అడగనివాళ్లకి కూడా చెప్పాను. ఇప్పుడు అందులో ‘మర్చిపోండి’ని వెనక్కి తీసుకుంటున్నాను. ‘వేసి’ వరకు ఉంచుకోండి.

మాది విశాఖలో లాసన్స్ బే కాలనీ. ఓనరాంటీ కింద ఉంటారు, మేడ మీద గది నాది. నెట్ కనెక్షన్ ఒక్కటే, బిల్లు చెరి సగం. ఫైబర్ వైరు స్తంభం మీంచి ఆవిడ హాల్లోకి వస్తుంది కాబట్టి రూటరూ అక్కడే, టీవీ పక్కన. నేను చేసేది పెళ్లి వీడియోల ఎడిటింగ్. ఒక పెళ్లి పూర్తయ్యేసరికి నలభై జీబీ దాకా ఫైలు తయారవుతుంది, దాన్ని క్లౌడ్‌లోకి ఎక్కించి కెమెరా వాళ్లకి లింకు పంపాలి. స్లాబు దాటి పైకి వచ్చేసరికి వైఫై స్పీడు 15కో 20 ఎంబీపీఎస్‌కో పడిపోయేది. అలా కాదని పదిహేను మీటర్ల రెడీమేడ్ క్యాట్ 6 రకం ల్యాన్ కేబుళ్లు రెండు తెచ్చి, మధ్యలో రెంటినీ కలిపే జాయింటర్ ఒకటి పెట్టించి, కింద హాలు కిటికీలోంచి గోడ వెంట పైకి, పిట్టగోడ మీదుగా నా టేబుల్ దాకా లాగించాను. క్యాట్ 6 గొప్పలన్నీ ప్యాకెట్ మీదే రాసుంటాయి, అవి వదిలేస్తున్నాను.

అప్పుడు మాది 100 ఎంబీపీఎస్ ప్లాను. కేబుల్ పెట్టిన రోజు స్పీడ్ టెస్టులో 98 చూపించింది. ఎన్నాళ్లకో గుర్తులేదు గానీ తర్వాత అది 94 అయింది. నాలుగు తగ్గితే ఎవరు పట్టించుకుంటారు? పైగా ఆ 94 ఎంత నిలకడగా ఉండేదంటే వానొచ్చినా, ఎండ కాసినా, రాత్రి పదింటికైనా, తెల్లారి ఐదింటికైనా అదే అంకె. వైఫైతో విసిగిపోయిన దాన్ని కదా, ఆ నిలకడ చూసి మురిసిపోయాను. ‘మా కేబుల్ 94కి ఒక్క పాయింటు తగ్గదు’ అని మా ఎడిటర్ల గ్రూపులో స్క్రీన్‌షాట్ కూడా పెట్టాను. నేను గొప్పగా చూపించుకున్నది రోగ లక్షణాన్నని అప్పటికి తెలీదు.

పోయినేడాది పెళ్లిళ్ల సీజనుకి ముందు 200 ప్లానుకి మారాం. కింద హాల్లో రూటర్ పక్కన నిలబడి ఫోన్లో చూస్తే 192. పైకొచ్చి కంప్యూటర్లో చూస్తే 94. ఫైలు పంపడానికి మునుపటిలాగే గంటకు కాస్త తక్కువ. డబ్బు మాత్రం ఎక్కువ.

అక్కడి నుంచి మొదలైంది నా టెన్షన్. హుద్‌హుద్ తుపాను చూసిన ఊరు కాబట్టి నెట్ తేడా చేస్తే ముందు స్తంభం వైపే చూస్తాం. కంప్లయింట్ ఇచ్చాను. వచ్చిన కుర్రాడు ఫోన్లో టెస్టు చూపించి, “మా సైడు నుంచి ఫుల్లుగా వస్తందండి మేడమ్. మీ సిస్టమ్‌దే ప్రాబ్లమ్,” అన్నాడు. సగం నిజమే చెప్పాడని ఇప్పుడు ఒప్పుకుంటాను, అప్పుడు మాత్రం గొడవ పడ్డాను. తర్వాత అందరూ చేసేవన్నీ చేశాను. రూటర్ ఆపి వేశాను, విండోస్ అప్‌డేట్లు నిలిపాను, క్లౌడ్ సింక్ ఆపాను, బ్రౌజరు మార్చాను, యాంటీవైరస్ తీసేసి మళ్లీ పెట్టాను, నెట్‌వర్క్ డ్రైవర్ కొత్తది వేశాను. 94.

ఇక మిగిలింది ఆంటీ టీవీ.

సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ఆవిడ నెట్‌లో సీరియళ్లు చూస్తారు. నేను ఫైళ్లు పంపేదీ ఆ వేళకే. “ఆంటీ, నా ఫైలు వెళ్లేదాకా కాస్త టీవీ ఆపుతారా?” అని అడిగేశాను. “దానికేటమ్మా, నీ పని ముఖ్యం గానీ,” అని ఆపేశారు. ఒకరోజు కాదు, పదిరోజులు. ఆ రెండు గంటలూ వరండా మెట్ల మీద కూర్చుని విసనకర్రతో దోమలు తోలుకునేవారు. ఫోర్‌కేలో చూసినా టీవీ తినేది మహా అయితే పాతిక ఎంబీపీఎస్, మాది 200. ఆ లెక్క ముందే వేసుకోవలసింది.

అయితే ఆ పదిరోజుల వల్లే అసలు సంగతి తట్టింది. టీవీ ఉన్నా 94, ఆపినా 94. జగదాంబ జంక్షన్‌లో ట్రాఫిక్ వల్ల ఆలస్యమైతే ఒకరోజు పది నిమిషాలు, ఇంకోరోజు అరగంట. రోజూ గడియారం పెట్టినట్టు ఒకే అంకె వచ్చిందంటే అది రద్దీ కాదు, దారిలో ఎక్కడో గేటు ఉంది.

విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లి ఈథర్నెట్ నొక్కితే కింద ‘లింక్ స్పీడ్’ అని ఒక వరస ఉంటుంది. నాలుగేళ్లలో ఒక్కసారీ దాని మొహం చూడలేదు. 1000/1000 ఉండాల్సిన చోట 100/100 ఉంది. అంటే ఇంటర్నెట్ సంగతి తర్వాత, నా కంప్యూటరుకీ రూటరుకీ మధ్యే 100 కంటే ఎక్కువ నడవడం లేదు. మరి 94 ఎందుకంటే, వైరు మీద వెళ్లే ప్రతి 1538 బైట్లలో చిరునామాలు, తనిఖీ అంకెలు, మధ్య ఖాళీ పోగా మన సరుకు 1460 బైట్లకి మించదు. వందకి 95 లోపు. కొరియర్లో కవరు బరువు కూడా మన లెక్కలోకే వచ్చినట్టు.

కేబుల్ లోపల ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. గిగాబిట్ వేగానికి, అంటే ఆ 1000కి, నాలుగు జతలూ కావాలి. 100కైతే రెండు చాలు: పిన్నుల్లో 1, 2, 3, 6. మిగతా జతల్లో ఒకటి పాడైతే చాలా నెట్‌వర్క్ కార్డులు ‘సరే, 1000 కుదరదు, 100తో కానిద్దాం’ అని సర్దుకుపోతాయి. నా కోపమంతా ఈ సర్దుబాటు మీదే. కేబుల్ పూర్తిగా తెగితే అరగంటలో తెలిసేది. ఎర్ర గుర్తు లేదు, హెచ్చరిక లేదు, నెట్ నడుస్తూనే ఉంటుంది. పాత 100 ప్లాను ఈ లోపాన్ని ఎంతకాలం కప్పిపెట్టిందో లెక్క కూడా కట్టలేను.

ద్వారకానగర్‌లో నేను పాత ర్యామ్‌లు మార్పించుకునే షాపు కుర్రాడు టెస్టరు తెచ్చాడు. ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలిగే చిన్న డబ్బా. 1, 2, 3 వెలిగాయి. 4, 5 దగ్గర చీకటి. 6, 7, 8 వెలిగాయి. ఆ రెండూ నీలం రంగు జత, అది పోయిందన్నమాట. రెండు ముక్కల్నీ విడదీసి చూస్తే కింది ముక్క బాగానే ఉంది, పై ముక్కలోనే తేడా. మేడ మీద ఎండలో ఇద్దరం జాయింటరు చుట్టూ కూర్చున్నాం. తొంగిచూసిన ఆంటీ, “ఏటమ్మా, వడియాలేటైనా పెడతన్నారా?” అన్నారు.

ఆ జాయింటరు పిట్టగోడ మీద ఉంటుంది. వానకి తడుస్తుందని మొదట్లోనే పాల ప్యాకెట్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేశాను. నా తెలివికి మెచ్చుకోండి. సముద్రం రెండు వీధుల అవతల. ఉప్పు గాలికి కిటికీ ఊచలు తుప్పు పడతాయనీ, ఏసీ బయటి యూనిట్ తినేస్తుందనీ ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. ఆ ఉప్పు తేమని నేనే కవరులో పెట్టి మూతి బిగించాను. విప్పితే కవరు లోపలి వైపంతా చెమట. ప్లగ్గు పళ్లకి పచ్చగా చిలుము, ఇత్తడి చెంబుకి పట్టినట్టు.

కొత్త ప్లగ్గు కొడదామని షాపు కుర్రాడు కొస కత్తిరించి, తీగని బ్లేడుతో గీశాడు. పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంది. రాగి పూత వేసిన అల్యూమినియం. ప్యాకెట్ మీద కాపర్ అని అచ్చేసి ఉంది మరి. చెమ్మ తగిలే చోట ఇది ఇంకా తొందరగా పాడవుతుంది, పుటుక్కున విరుగుతుంది కూడా. కొన్న కొత్తలో ‘ధరకి తగ్గ సరుకు’ అని మెచ్చుకున్నాను, ఆ మాట నిజమే. ధరకి తగ్గట్టే ఉంది.

రెండు ముక్కలూ తీసేసి, జాయింటు లేకుండా ఒకే ముప్పై మీటర్ల అవుట్‌డోర్ కేబుల్ వేయించాను. నల్ల పాలిథీన్ తొడుగు, ఎండకి పగలదు. ఈసారి కొనేముందు షాపులోనే గీసి చూశాను, లోపలా ఎర్రగానే ఉంది. కిటికీలోంచి లోపలికి వెళ్లేచోట వైరుని కాస్త కిందికి వేలాడేలా వదిలాడు, వాన నీరు అక్కడే కారిపోవడానికి. లింక్ స్పీడ్ 1000/1000. టెస్టులో 190 పైన. నలభై జీబీ ఇప్పుడు అరగంటలోపే వెళ్తోంది.

ఇది పెట్టి ఇంకా పది నెలలే. కిందటి కేబుల్ కూడా పది నెలలప్పుడు బంగారంలాగే ఉంది కాబట్టి ఎక్కువ పొగడను. నెలకోసారి లింక్ స్పీడ్ చూస్తున్నాను. ఉరుము వినిపిస్తే కంప్యూటర్ దగ్గర వైరు ఊడదీస్తాను, ఆరుబయట నడిచే తీగ కదా. అర్ధరాత్రి ఉరిమితే లేచి దీనికోసం వెళ్లడం చికాకే. సొంతిల్లయితే గోడలోంచి పైపు వేసి తెచ్చుకునేదాన్ని, అద్దెకున్నదాన్ని అంత చేయించలేను. మధురవాడ వైపో, సముద్రానికి దూరంగానో ఉండి, వైరు గది లోపలే నడిచేవాళ్లకి నా కష్టాలు రాకపోవచ్చు, మామూలు కేబుల్ సరిపోతుందేమో. ఫోన్లో రీల్స్ చూసుకోవడానికైతే ఏ కేబులూ అక్కర్లేదు. నాలా పెద్ద ఫైళ్లు పంపాల్సిన పనైతే మాత్రం నేను మళ్లీ కేబులే వేయించుకుంటాను, మధ్యలో అతుకు లేకుండా.

ఆంటీకి వైరు మార్పించానని చెప్పాను. అయినా నేను ఫైలు పంపుతున్నానని తెలిస్తే ఇప్పటికీ టీవీ కట్టేస్తారు. “అక్కర్లేదాంటీ, చూసుకోండి,” అని రెండు మూడుసార్లు అన్నాను. “పర్లేదమ్మా, నీ పని కానీ,” అంటారు. ఆ పదిరోజులూ ఆవిడ టీవీ తప్పేమీ లేదన్న సంగతి మాత్రం ఇంకా చెప్పలేదు.