కాంప్లెక్స్ అంతటికీ కలిపి పెట్టిన ఎనర్జీ మానిటర్: రెండు ఎండాకాలాలు వాడాక

ఈ సిస్టమ్ మొత్తంలో నాకు తెగ నచ్చింది ఒక్కటే, రాత్రి గ్రాఫ్. షాపులన్నీ మూసేశాక ఎవరి మీటరు ఎంత లాగిందో పొద్దున్నే అందరి ఫోన్లలో కనిపిస్తుంది. మిగతా ఫీచర్లన్నీ అమ్మేవాళ్లే చెబుతారు కాబట్టి వాటి జోలికి వెళ్లను.

మాది విశాఖ ద్వారకానగర్‌లో ఒక కాంప్లెక్స్. కింద బేకరీ, నా మందుల షాపు, మొదటి అంతస్తులో బట్టల షోరూమ్, ఆ పైన కోచింగ్ సెంటర్. అందరికీ కలిపి ఒకే హెచ్‌టీ (హై టెన్షన్, పెద్ద లోడుకు ఇచ్చేది) కనెక్షన్, లోపల షాపుకో సబ్ మీటర్. సిస్టమ్ పెట్టిన కొత్తలోనే ఒకటి గమనించాను. నా షాపులో ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్ రాత్రంతా ఆన్‌లోనే ఉంటుంది, కానీ కంప్రెసర్ ఆగుతూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి నా గీత రంపం పళ్లలా వస్తుంది. పక్కనే బేకరీ గీత మాత్రం పదిన్నర నుంచి తెల్లారేదాకా తిన్నగా, ఎక్కడా దిగకుండా ఉంది. అంటే కేకుల చిల్లర్ కంప్రెసర్ అసలు ఆగడం లేదన్నమాట.

బేకరీ ఓనరుకు చెబితే "నా మీటరు, నా బిల్లు, మీకెందుకండీ బాధ?" అన్నారు. తప్పు పట్టను, ఎవరైనా అలాగే అంటారు. నేనేం మాట్లాడకుండా రెండు గీతలూ పక్కపక్కన పెట్టి చూపించాను. నాలుగు రోజుల తర్వాత ఆయనే ఏసీ మెకానిక్‌ను పిలిపించారు. అతను పది రూపాయల నోటు చిల్లర్ తలుపు సందులో పెట్టి, తలుపు మూసి నోటును లాగాడు. పైన గట్టిగానే పట్టింది, కింద మూల దగ్గర మాత్రం నోటు సులువుగా జారి వచ్చేసింది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు అక్కడ గట్టిపడి పగిలిపోయింది, అక్కడి నుంచి తేమ గాలి వెళ్లి లోపల కాయిల్ మీద మంచు పేరుకుంది. మన సముద్రపు గాలికి రబ్బర్లు ఎన్నాళ్లు ఆగుతాయి చెప్పండి. రబ్బరు మార్చిన మర్నాడు ఆయన గీతకు కూడా పళ్లు వచ్చాయి. ఆ స్క్రీన్‌షాట్ గ్రూప్‌లో ముందు పెట్టింది ఆయనే. ఇప్పుడు షోరూమ్ వాళ్లు మూసేటప్పుడు గ్లాస్ లైట్లు వదిలేస్తే అడిగేది కూడా ఆయనే!

నాకు ఇది బిల్లు ఒక్కదాని సంగతి కాదు. మన పరవాడలో సింహాద్రి 2000 మెగావాట్ల బొగ్గు కేంద్రం, ఆ పొగ గొట్టాలు చూడని వైజాగ్ వాళ్లుండరు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క ప్రకారం గ్రిడ్ నుంచి ఒక యూనిట్ వాడితే సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడినట్టు. ఖాళీ షాపులో ఎవరికీ పనికిరాకుండా కాలే యూనిట్ కూడా అంతే.

డిమాండ్ చార్జీ (వాడిన యూనిట్లకు కాక, ఒకేసారి ఎక్కిన గరిష్ఠ లోడుకు కట్టేది) విషయంలో లాభం ఉంది కానీ దానికి అందరూ కలిసి రావాలి. హెచ్‌టీలో కాంట్రాక్ట్ డిమాండ్‌లో (అంటే కరెంటు కంపెనీతో ముందే ఒప్పుకున్న గరిష్ఠ లోడులో) 80 శాతం, మీటరులో రికార్డయిన డిమాండ్, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి కట్టాలి. సాయంత్రం షోరూమ్ లైట్లు, కోచింగ్ బ్యాచ్ ఏసీలు ఒకేసారి వేస్తే కాసేపట్లో ఎక్కే ఆ లోడుకు నెలంతా మూల్యం. కొత్త ఏసీలు 2020 నుంచి 24 డిగ్రీల దగ్గరే మొదలవుతున్నా కోచింగ్ సెంటర్ రిమోట్లలో మాత్రం 18 ఉండేది. డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా ఆదా అని కేంద్రం వారి ఇంధన సామర్థ్య బ్యూరో (బీఈఈ) చెబుతోంది కదా అని అడిగితే 25కు ఒప్పుకున్నారు, ఏసీలు కూడా ఒక్కో గదిలో కాస్త గ్యాప్ ఇచ్చి వేస్తున్నారు.

అందరికీ కనిపిస్తుంది అని పైన మెచ్చుకున్నాను కానీ, అదే కొందరికి ఇబ్బంది అయింది. పగటి లోడు చూస్తే ఏ బ్యాచ్‌లో ఎన్ని గదులు నిండాయో తెలిసిపోతుందని కోచింగ్ వాళ్లు అభ్యంతరం చెప్పారు, అందులో న్యాయం ఉంది. అందుకే ఇప్పుడు పగలు మొత్తం లోడే కనిపిస్తుంది, షాపుల వారీగా చూపించేది రాత్రికి మాత్రమే.

ఇంకొకటి, డేటా పంపే డబ్బా. మంచి మే నెలలో అది హ్యాంగ్ అయింది. లోడు ఎక్కువైతే ఫోన్‌కు రావాల్సిన అలర్ట్ రాలేదు, కాంట్రాక్ట్ డిమాండ్ దాటింది, బిల్లు వచ్చాకే తెలిసింది. అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే రీస్టార్ట్ చేయండి అన్నారంతే. ఆ కోపం నాకు ఇంకా పోలేదు. అలర్టును నమ్మడం మానేసి సాయంత్రం ఒకసారి మీటరు గదిలోకి వెళ్లి స్వయంగా చూసుకుంటున్నాం.

నా ఒక్కడి బిల్లులో పెద్దగా తగ్గలేదు, ఫ్రిజ్‌లు ఆపలేని వ్యాపారం నాది. మీ కాంప్లెక్స్‌లో షాపుకో సర్వీసు నంబరు ఉంటే డిమాండ్ చార్జీ పంచుకునే ఈ లాభం మీకు రాదు, రాత్రి గ్రాఫ్ కోసమే అయితే ఖర్చు గిట్టుతుందా అన్నది మీ పొరుగువాళ్లను బట్టి ఉంటుంది. మాలా ఒకే కనెక్షన్ అయితే తీసుకోవచ్చనే అంటాను, కాకపోతే డబ్బులు కట్టేముందు సెల్లార్‌లో మీటరు గది దగ్గర నిలబడి ఫోన్‌లో సిగ్నల్ ఎలా ఉందో చూసుకోండి, డేటా పంపే డబ్బా ఉండేది అక్కడే.