ఎండలో ఉండే డబ్బాకి ఏ బ్యాటరీ మేలు?

నేల తేమ కొలిచే చిన్న సెన్సార్ డబ్బా. లోపల వైఫై ఉన్న బుల్లి కంప్యూటర్ లాంటి ఈఎస్‌పీ32 బోర్డు, పైన 6 వోల్టుల 1 వాట్ సోలార్ ప్యానెల్. ప్యానెల్‌తో పెద్ద గొడవ లేదు. టెన్షనంతా బ్యాటరీతోనే.

ఎక్కువమంది చేతికి ముందు అందేది పాత ల్యాప్‌టాప్ ప్యాక్‌లోని 18650 లిథియం అయాన్ సెల్. నేనూ దానితోనే మొదలుపెట్టాను. 2,500 ఎంఏహెచ్ (మిల్లీ ఆంప్ అవర్, ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) దాకా పడుతుంది, దానికి సరిపోయే టీపీ4056 ఛార్జింగ్ బోర్డు కూడా తేలిగ్గా దొరుకుతుంది. కానీ దీనికి వేడి పడదు. 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయొద్దని చాలా సెల్స్ డేటాషీట్లలో ఉంటుంది. మూసిన డబ్బా లోపల అంత వేడి ఎప్పుడొస్తుంది? సరిగ్గా ప్యానెల్ బాగా పనిచేసే మిట్టమధ్యాహ్నమే. పైగా నిండితే 4.2 వోల్టులు, కాబట్టి 3.3 వోల్టుల మీద నడిచే బోర్డు చిప్‌కి ముందు వోల్టేజీ తగ్గించే రెగ్యులేటర్ తప్పదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ అదే సైజులో 1,500 ఎంఏహెచ్ చుట్టుపక్కలే ఇస్తుంది. కాగితం మీద ఓడిపోయినట్టే. అయితే వేడికి అంత తొందరగా దెబ్బతినదు, వేలసార్లు ఛార్జ్ చేసినా నిలుస్తుంది, ఖాళీ అయ్యే దాకా దాదాపు 3.2 వోల్టుల దగ్గరే ఉంటుంది. ఛార్జింగ్‌ని 3.5 దగ్గర ఆపేస్తే రెగ్యులేటర్ లేకుండా నేరుగా బోర్డు 3.3 వోల్ట్ పిన్‌కి ఇవ్వొచ్చు. టీపీ4056 మాత్రం దీనికి పెట్టకండి, అది 4.2 దాకా తోసేస్తుంది.

తోట దీపాల్లో వాడే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ మొండివి, నిప్పు భయం తక్కువ. కానీ మామూలు రకాలు ఊరికే ఉన్నా దిగిపోతుంటాయి. సూపర్ కెపాసిటర్ (త్వరగా నిండినా కొద్దిగానే దాచుకునేది) రాత్రంతా ఒకటి రెండుసార్లు లేచే పరికరానికి సరే, వారం ముసురుకి చాలదు.

నిజానికి నా మొదటి డబ్బా ఆగిపోవడానికి సెల్ కారణం కాదు. ఓ రాత్రి మూత తీస్తే లోపల బోర్డు మీది ఎర్ర లైటు వెలుగుతోంది, చూసేవాళ్లెవరూ లేకపోయినా! పది నిమిషాలకోసారి ఐదు సెకన్లు వైఫై అంటే రోజుకి 12 నిమిషాలు. 100 మిల్లీ ఆంప్‌ల చొప్పున 20 ఎంఏహెచ్. ఆ లైటూ, రెగ్యులేటరూ, యూఎస్‌బీ చిప్పూ కలిసి నిద్రలో 8 మిల్లీ ఆంప్‌లు తాగుతున్నాయి. అంటే రోజుకి ఇంకో 192. ఎండ లేకపోతే 1,500 సెల్ వారానికే ఖాళీ. అవి లేని బోర్డుతో రెండు నెలలు దాటుతుంది.

అంటే వృథా ఆపితే చిన్న సెల్ అయినా చాలు. అందుకే ఇప్పుడు నా ఓటు ఐరన్ ఫాస్ఫేట్‌కే. గడ్డకట్టే చలిలో మాత్రం రెండు లిథియం రకాలనీ ఛార్జ్ చేయకూడదు. డబ్బాని ప్యానెల్ వెనక, దాని నీడలోనే బిగిస్తున్నాను, మధ్యలో గాలి ఆడేలా రెండు వేళ్ల సందు వదిలి.